కుర్చీ ఒకటే, హోదాలు మూడు

జిల్లా కోర్టు హాలు బయట 'ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ అండ్ సెషన్స్ జడ్జి' అని బోర్డు ఉంటుంది. మనిషి ఒక్కరే, కోర్టులు రెండు. ఆస్తి దావా నడుస్తున్నంతసేపూ ఆయన జిల్లా జడ్జి. కాసేపటికి హత్య కేసు పిలిస్తే సెషన్స్ జడ్జి. రోడ్డు ప్రమాద పరిహారం ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) వచ్చిందా, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చైర్మన్. కొత్త జూనియర్ లాయర్లు తడబడేది ఇక్కడే. ఓ.పి. మీద 'సెషన్స్ జడ్జి' అని టైపు చేస్తే ఆక్షేపణ రాసి రిటర్న్ చేస్తారు. కాజ్ టైటిల్‌లో, అంటే కాగితం పైన కోర్టు, కక్షిదారుల పేర్లు రాసే చోట, జడ్జి పేరు కూడా రాయకూడదు. జడ్జి బదిలీ అవుతారు, కోర్టు కాదు.

'ప్రిన్సిపల్' అన్నంత మాత్రాన పక్క హాల్లోని అదనపు జడ్జికి ఆయన పై కోర్టు కాదు. శిక్ష వేసే అధికారం ఇద్దరికీ సమానమే. మరణశిక్ష ఎవరు వేసినా హైకోర్టు ఖరారు చేయాలి. అదనపు జిల్లా జడ్జి తీర్పు మీద అప్పీలు ప్రిన్సిపల్ దగ్గరికి పోదు, హైకోర్టుకే పోతుంది. తేడా అంతా పరిపాలనలో ఉంది. కేసులు పంచేది ప్రిన్సిపల్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద దావాను ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మార్చమని మామూలుగా అడిగేదీ ఆయన్నే.

కోర్టు ఆవరణలో 'పి.ఓ. సెలవు' అన్నారంటే ఆ కోర్టు జడ్జి రాలేదని, ఆ పూట వాయిదాయేనని అర్థం. ఈ ప్రిసైడింగ్ ఆఫీసర్ అనే మాట వాడుకలో ఏ స్థాయి జడ్జికైనా చెల్లుతుంది గానీ, చట్టం ప్రకారం అదే అసలు పదవీనామం అయ్యేది లేబర్ కోర్టు, రుణ వసూలు ట్రిబ్యునల్ వంటి చోట్ల. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయితే ప్రెసిడెంట్. బాలల న్యాయ మండలిలో ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్. పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. అభిప్రాయాలు చీలితే మెజారిటీదే మాట, మెజారిటీ తేలకపోతే మేజిస్ట్రేట్‌దే.

పిలుపు సంగతి చిన్నదే. కింది కోర్టుల్లో 'సర్' అనో, తెలుగులో దానికి సమానమైన మాటో చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే చెప్పింది. 'మై లార్డ్' మోజు మాత్రం ఇంకా వదల్లేదు.

అసలు చిక్కు జడ్జి మారినప్పుడు వస్తుంది. దావాలో పాత జడ్జి నమోదు చేసిన సాక్ష్యం మీదే కొత్తవారు కొనసాగించవచ్చు. పాతవారు రాసిపెట్టి చదవకుండా వెళ్లిన తీర్పును కూడా ప్రకటించాలి. క్రిమినల్ కేసుల్లోనూ బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 365వ సెక్షన్ పాత సాక్ష్యాన్ని వాడుకోనిస్తుంది, సాక్ష్యాన్ని క్లుప్తంగా రాసుకునే సమ్మరీ విచారణలో తప్ప. అక్కడ మళ్లీ మొదటి నుంచి సాక్షులను పిలవాల్సిందే. సమ్మరీగా నడిచే చెక్ బౌన్స్ కేసుల్లో దెబ్బ తగిలేది ఇందుకే. కొత్త జడ్జి ముందు వాదనలు మొదలుపెట్టే లోపే పాత డాకెట్ (వాయిదావారీ ఉత్తర్వుల నమోదు) తిరగేసి, కేసు సమ్మరీగా నడిచిందా, సాక్ష్యం పూర్తిగా నమోదు చేసే సమన్స్ కేసుగా నడిచిందా చూసుకోవాలి. సమ్మరీ కేసును పాత సాక్ష్యం మీదే నడిపారని అప్పీల్లో బయటపడితే శిక్ష పడిన కేసు కూడా మొదటికొస్తుంది.