గ్రహాల గ్రాఫుకు స్కేల్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

ఇంటర్ పిల్లలకు గురుత్వాకర్షణ పాఠం మొదలుపెట్టే ముందు, కెప్లర్ మూడో నియమాన్ని (గ్రహం దూరానికీ, అది ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలానికీ ఉన్న సంబంధాన్ని) వాళ్లే గ్రాఫు చూసి కనుక్కునేలా చేయాలనుకున్నాను. చేతిలో ఎనిమిది గ్రహాల పట్టిక ఉంది: సూర్యుడి నుంచి దూరం, ద్రవ్యరాశి, వ్యాసం, ఒక చుట్టుకు పట్టే కాలం.

దేనికి ఎదురుగా దేన్ని గీయాలన్నది ముందు తేలాలి. ద్రవ్యరాశి పెట్టి చూస్తే చుక్కలన్నీ చెల్లాచెదురు. అన్నిటికంటే బరువైన గురుగ్రహానికి ఒక చుట్టుకు 11.86 ఏళ్లు, దానికంటే ఎంతో తేలికైన నెప్ట్యూన్‌కు దాదాపు 165 ఏళ్లు. అందుకని ఎక్స్ అక్షం మీద దూరం, వై అక్షం మీద కాలం పెట్టాను. భూమి దూరాన్ని 1గా తీసుకుంటే అంకెలు చిన్నవవుతాయి. స్ప్రెడ్‌షీట్‌లో స్కాటర్ చార్టే ఎంచుకోవాలి. లైన్ చార్ట్ దూరాలను పేర్లలా చూసి సమాన ఎడంతో పేర్చేస్తుంది.

అసలు టెన్షన్ స్కేల్ దగ్గరే. మామూలు స్కేల్‌లో నెప్ట్యూన్ 30 దగ్గరుంటే, బుధుడి నుంచి అంగారకుడి దాకా నాలుగూ 1.52 లోపే, మూలన ఒకే మచ్చలా కనిపిస్తాయి. దూరం ఘనం, కాలం వర్గం గీస్తే సరళరేఖ వస్తుంది, నిజమే. కానీ అక్షం 27 వేలు దాటుతుంది, శని కూడా ఆ మూలకే చేరుతుంది. పైగా ఘనం, వర్గం అని మనమే చెప్పేశాక పిల్లలు కనుక్కోవడానికి ఏం మిగులుతుంది?

అందుకే రెండు అక్షాలకూ లాగ్ స్కేల్, అంటే ఒక్కో గడికి విలువ పది రెట్లయ్యే స్కేల్, పెట్టాను. లాగ్ అక్షం మీద సున్నా ఉండదు కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో మనమే తేల్చుకోవాలి. దూరం 0.1 నుంచి 100, కాలం 0.1 నుంచి 1000. ఒక్కో పది రెట్ల గడి రెండు వైపులా ఒకే పొడవు ఉండేలా చార్ట్‌ను 3:4 నిష్పత్తిలో సాగదీశాను. లేకపోతే గీత వాలు కంటికి తప్పుగా కనిపిస్తుంది. ఎనిమిది చుక్కలూ విడివిడిగా, ఒకే గీత మీద నిలబడ్డాయి! రెండు గడులు కుడికి జరిగితే మూడు గడులు పైకి. వాలు ఒకటిన్నర. అంటే దూరాన్ని ఒకటిన్నర ఘాతానికి పెంచినట్టే కాలం పెరుగుతుంది, కాలం వర్గం దూరం ఘనంతో పాటు నడుస్తుందన్నమాట. ఘాతాంకాన్ని గ్రాఫే చెప్పింది.

తర్వాత అక్షాలను 0.001 దాకా దించి గురుగ్రహం నాలుగు పెద్ద ఉపగ్రహాలనూ చేర్చాను. వాటి గీత మొదటిదానికి సమాంతరంగా, పైన పడింది. ఒకే దూరం దగ్గర రెండు గీతలనూ పోలిస్తే ఉపగ్రహాల గీత మీద కాలం సుమారు 32 రెట్లు. దాని వర్గం వెయ్యి పైచిలుకు. మధ్యలో ఉన్నది ఎన్ని రెట్లు తేలికైతే, అదే దూరం దగ్గర కాలం వర్గం అన్ని రెట్లు పెరుగుతుంది; సూర్యుడు గురుగ్రహం కంటే దాదాపు అన్ని రెట్లు బరువు.