బజ్జీ తిన్న సైనికుడు ఏ జానర్?

హన్మకొండలో మా బ్యాచ్ రాసుకుంటూ ఆడే ఆటలు ఆడుతుంది. బొమ్మలుండవు. "కోట గుమ్మం దగ్గర కాగడా ఆరిపోయింది" అని ఒకరు గ్రూపులో పెడితే, అప్పుడు తన పాత్ర ఏం చేసిందో ఇంకొకరు రాస్తారు. ఆటలు పెరిగేసరికి కొత్తవాళ్లకు ఎందులో చేరాలో అంతుపట్టేది కాదు. ప్రతి ఆటకూ జానర్ లేబుల్ తగిలించే పని నా నెత్తిన పడింది.

ముందు పాతకాపులేం చేశారో చూశాను. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన మడ్ (చాలామంది కలిసి కంప్యూటర్‌లో అక్షరాలతోనే ఆడే ఆట) ఈ ఆటలకు పెద్దన్న. తర్వాత 1989లో టైనీమడ్, ఆ వెంటనే కోపెన్‌హాగెన్ విద్యార్థుల డికూమడ్ వచ్చాయి. డికూ అంటే శత్రువులను నరుకుడు, పాత్ర లెవెళ్లు పెంచుకోవడం. టైనీ అంటే కబుర్లు, కొత్త గదులు కట్టుకోవడం. ఆడే తీరు తెలుస్తుంది గానీ కథ ఏ లోకంలోదో తెలియదు. అందుకని లోకానికి ఒకటి, తీరుకు ఒకటి, రెండు లేబుళ్లు పెట్టుకున్నాం. తీరు సంగతి తొందరగానే తేలింది: పాచికలతో గెలుపోటములు తేల్చేవి, మాట్లాడుకుని రాసుకునేవి.

తిప్పలంతా లోకం దగ్గరే. మన సినిమావాళ్ల పంపకం ఎలాగూ ఉంది కదా, పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం, అదే తీసుకుందామన్నాను. అందరూ సరేనన్నారు, కాకతీయుల ఆట వచ్చేదాకా. అందులో గణపతిదేవుడి సైనికుడు కాపలా కాస్తూ మిరపకాయ బజ్జీ తిన్నాడు.

"మిరపకాయ పోర్చుగీసోళ్లతోని వచ్చింది. 1323లనే ఓరుగల్లు కోట పాయె. బజ్జీ ఎక్కడిదిరా?"

"ఆకలైంది అన్నా, తిన్నడు."

నవ్వులాటగా మొదలై గ్రూపు రెండుగా చీలింది. చివరికి చారిత్రకానికి ఇలా రాసుకున్నాం: ఆ కాలంలో లేనిదాన్ని ఎవరైనా ఎత్తిచూపితే రాసినవాళ్లు మార్చాలి, మార్చనంటే ఆట జానపదంలోకి పోతుంది. అక్కడ బజ్జీ తినొచ్చు, చిలకలో ప్రాణమూ దాచొచ్చు. సైనికుడు అక్కడికే పోయాడు. ఇప్పుడు జనమూ అక్కడే ఎక్కువ.

మేడారం దగ్గర మాత్రం నవ్వులాట లేదు. సమ్మక్క, పగిడిద్దరాజు కాకతీయ సైన్యంతో తలపడే ఆట పెడతానని ఒక తమ్ముడు అన్నాడు. పౌరాణికమా, చారిత్రకమా అని మేం కొట్లాడుకుంటుంటే ములుగు వైపు చెల్లె ఒకామె, "రెండేండ్లకోసారి బంగారం (బెల్లం) ఎత్తుకపోయి మొక్కు చెల్లిస్తం మేము. ఆ తల్లి డైలాగులు మీరెట్ల రాస్తరు?" అని అడిగింది. నాకు ఆమె మాటే సబబనిపించింది. ఎందులో వేసినా ఇది నిజం, ఇది కట్టుకథ అని మేం తీర్పు చెప్పినట్టే. ఆటలోకి వచ్చేవాడికి తన పాత్రకు ఏమేం జరగొచ్చో చెబితే చాలు, లేబుల్‌కు అంతకుమించి పెత్తనం వద్దు. జనం మొక్కే దేవతలను ఎవరూ పాత్రగా తీసుకోవద్దని నియమం పెట్టాం. దాంతో పౌరాణికంలో యక్షులు, రాక్షసులే మిగిలారు, అది వేరే సంగతి. తమ్ముడు తన ఆటను జాతరకు బండి కట్టిన కుటుంబం కథగా మార్చుకున్నాడు, సాంఘికంలో చేరింది.

గోదావరిఖని బొగ్గు బావుల్లో రోబోలు సమ్మె చేసే ఆట కోసం సైన్స్ ఫిక్షన్‌ను ఐదోదిగా కలిపాం. హారర్‌ను లోకంగా ఒప్పుకోలేదు. దయ్యం ఏ లోకంలోనైనా దూరొచ్చు కాబట్టి అది లేబుల్ పక్కన హెచ్చరికగా ఉంటుంది, పిల్లలున్న గ్రూపుల్లో తప్పనిసరిగా.