మా పాప పరిగెత్తని మారథాన్

తిరుపతి బైరాగిపట్టెడలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. మా పాప ఎనిమిదో తరగతి నుంచి పరిగెడుతోంది. స్కూల్ గేమ్స్‌లో 1500, 3000 మీటర్లు. పదహారు నిండేసరికి చుట్టుపక్కల ఆమె వయసు పిల్లలెవరూ ఆమెకు దరిదాపుల్లో ఉండేవాళ్లు కాదు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఒక సార్ పైసా తీసుకోకుండా వారానికి మూడు సాయంత్రాలు నేర్పించేవాడు. అంతా బాగానే ఉంది. చెడగొట్టింది నేనే.

ఒక ఆదివారం 10కే రన్ జరిగింది. మన ఊళ్లలో ఐదు కిలోమీటర్లు పరిగెత్తించినా ఫ్లెక్సీ మీద ‘మారథాన్’ అనే వేస్తారు. అసలు మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లని అప్పటిదాకా నాకూ తెలీదు. పాప పెద్దవాళ్లందరినీ దాటేసి ఫస్టు వచ్చింది. పదివేలు కవర్లో పెట్టి చేతికిచ్చారు. అక్కడే ఒకాయన నన్ను పక్కకు పిలిచి, “ఏమన్నా, ఈ పిల్ల స్టామినా చూస్తే ఫుల్ మారథాన్ కొట్టేస్తుంది. పక్క రాష్ట్రంలో ఒకటుంది, ఆడవాళ్లలో ఫస్టుకి లక్ష” అన్నాడు. లక్ష అన్న తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు.

ఫారంలో 18 నిండాలని ఉంది. మా అన్న కూతురికి పంతొమ్మిది. ఆ పిల్ల ఆధార్‌తో ఫారం నింపి డబ్బు కట్టేశాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం తెలివిగా అనిపించింది. సార్‌కి చెప్పలేదు.

ఫోన్లో ఒక ట్రైనింగ్ చార్ట్ దొరికింది. అంతవరకు వారానికి 35 కిలోమీటర్లు పరిగెత్తే పిల్లని ఏడు వారాల్లో 80కి తీసుకెళ్లాను. ఆదివారాలు చీకటితోనే చంద్రగిరి రోడ్డు పట్టి, కోట దాటి పోయి వెనక్కి రావడం. నేను ముందు చార్ట్, వెనక వాటర్ బాటిల్ పెట్టుకుని టీవీఎస్ మీద. చాలదన్నట్టు వారానికోసారి అలిపిరి మెట్లు. 3,550 మెట్లు. స్వామి కొండ ఎక్కితే కాళ్లు గట్టిపడతాయని నా నమ్మకం. పైన మోకాళ్ల పర్వతానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, ఆ నెలల్లో ఒక్కరోజూ గుర్తు రాలేదు. ఎక్కడం ఒకెత్తు, దిగేటప్పుడు ఒంటి బరువంతా ముంగాలు మీద పడుతుందని నాకేం తెలుసు. సాయంత్రం సార్ దగ్గర మామూలు ప్రాక్టీస్ మామూలే.

ఏడో వారంలో ఒక పొద్దున పాప మిద్దె మెట్లు అడ్డంగా, గోడ పట్టుకుని దిగుతోంది. ఏమైందంటే “ఏం లేదు నాయనా, పట్టేసింది” అంది. కూర్చోబెట్టి చూశాను. ఎడమ ముంగాలి ఎముక మీద, చీలమండకి జానెడు పైన, ఒక్కచోట. వేలితో నొక్కితే కాలు గుంజేసుకుంది. వేలు ఒక అంగుళం జరిపితే నొప్పి లేదు. మళ్లీ అక్కడే నొక్కితే కళ్లలో నీళ్లు. కండ పట్టేస్తే నొప్పి ఇట్లా రూపాయి బిళ్లంత చోట ఉండదని అప్పుడు తెలీదు.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. పది రోజులు రెస్టు, ఆయింట్‌మెంటు. పది రోజుల తర్వాత మళ్లీ పరిగెత్తించాను. రెండో రోజుకే కుంటడం మొదలైంది. అప్పుడు సార్ కంటపడింది. ఆయనే ఇంకో ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాడు.

ఆ డాక్టర్ పాపని ఆ కాలి మీద కుంటికాలుతో గెంతమన్నాడు. ఒక్క గెంతు కూడా వేయలేకపోయింది. ఎంఆర్ఐ రాసిచ్చాడు. స్ట్రెస్ ఫ్రాక్చర్, ఎముకలో వెంట్రుకంత పగులు. కొత్తలో ఇది ఎక్స్‌రేలో కనపడదట. పరిగెత్తినప్పుడల్లా ఎముకలో చిన్న చిన్న దెబ్బలు పడతాయి, విశ్రాంతిలో ఒళ్లు వాటిని పూడ్చుకుంటుంది, పూడే లోపే మళ్లీ దెబ్బలు పడితే పగులుతుంది. ఇంతవరకు నాకు అర్థమైంది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నేను గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాను.

“నెలసరి సరిగా వస్తోందా తల్లీ?”

పాప వాళ్లమ్మ వైపు చూసింది. నాలుగు నెలలుగా లేదట. పరుగు పిల్లలకి అది మామూలేనని ఎవరో చెప్పారట, మా ఇంటామె నమ్మింది. పాపకేమో ప్రాక్టీస్ మానే పని లేదని సంతోషం. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. “మామూలు కాదమ్మా. ఖర్చుకి తగ్గ తిండి లేకపోతే ఒళ్లు ముందు దాన్నే ఆపేస్తుంది. దాంతో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గుతుంది, అది తగ్గితే ఎముక బలం తగ్గుతుంది. మనిషి జీవితానికంతా సరిపడా ఎముక చాలావరకు ఈ వయసులోనే కూడుతుంది” అన్నాడు. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే రెడ్-ఎస్ అని పేరు పెట్టిందట, మగపిల్లలకీ వస్తుందట.

“పొద్దున ఏం తింటావు?” అని అడిగాడు.

“టీ. వచ్చాక రెండు ఇడ్లీలు.”

లావైతే స్పీడు తగ్గుతుందని ఎక్కడో చదివిందట. నేను రోజూ ఆరేడొందల ఇడ్లీలు దించుతాను. ఎవరు ఎన్ని తిన్నారో స్లిప్పు చూడకుండా చెప్పగలను. ఇంట్లో పిల్ల పాతిక కిలోమీటర్లు పరిగెత్తొచ్చి రెండు ఇడ్లీలతో లేచిపోతోందని నా కంట పడలేదు. రక్త పరీక్షలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, 9 వచ్చింది, బాగా తక్కువట. విటమిన్ డి కూడా తక్కువే.

ఆ సాయంత్రం గ్రౌండ్‌కి పోయి సార్‌కి అంతా చెప్పాను, ఆధార్ సంగతితో సహా. ఆయన అరుస్తాడనుకున్నా. అరవలేదు. “అక్కడ పిల్ల పడిపోతే అంబులెన్స్ వాళ్ల చేతిలో ఉండేది ఎవరి పేరన్నా? ఎవరి వయసు?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అదే రాత్రి ఎంట్రీ రద్దు చేయమని మెయిల్ పెట్టాను. డబ్బు రాలేదు, అడగనూ లేదు.

కానీ నాలో ఇంకా ఒక మూల దురద. ఫోన్లో వెతికితే, అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఏటా వేలమంది స్కూలు పిల్లలు ఫుల్ మారథాన్ పరిగెడతారని కనపడింది. ఇంకో ఊళ్లో పాతికేళ్ల రేసులు చూస్తే మూడొందలకు పైగా పద్దెనిమిది లోపు పిల్లలు పూర్తి చేశారు, ఆరోజు వైద్యం అవసరమైనవాళ్లు బహు కొద్దిమంది. ఇది తీసుకుపోయి సార్‌కి చూపించాను, వాదన గెలిచినట్టు.

ఆయన చదివి ఫోన్ తిరిగిచ్చాడు. “నిజమే అన్నా. ఆ పిల్లలు పూర్తిచేస్తే చాలనుకుని పరిగెడతారు. ఐదారు గంటలు పట్టినా అడిగేవాళ్లు లేరు. మీ పాపని నువ్వు ఎప్పుడన్నా నిదానంగా పో అన్నావా? పైగా నీ పాపకి రేసు రోజు ఏమన్నా అయిందా? రేసు దాకా పోనేలేదు కదా.”

ఆ మాటతో నా వాదన సర్దుకుంది. టాలెంట్ లేని పిల్లకి మారథాన్ ఒక సరదా. ఉన్న పిల్ల వెనకే లక్ష ఉంటుంది, నాలాంటి నాయన ఉంటాడు.

ఆరోజు సార్ చాలాసేపు మాట్లాడాడు. ఒలింపిక్స్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ ఏడాది చివరికి 20 నిండనివాళ్లని మారథాన్‌లోకి రానివ్వరు. కెన్యా మారథాన్ వీరుడు కిప్‌చోగె 2003లో 18 ఏళ్లకే 5000 మీటర్ల ప్రపంచ చాంపియన్, మొదటి మారథాన్ మాత్రం 2013లో. 2023లో బెర్లిన్‌లో 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన ఇథియోపియా టిగిస్ట్ అసెఫా 2016 రియోలో పరిగెత్తింది 800 మీటర్లు! మన జైషా 2015లో బీజింగ్‌లో 2:34:43తో జాతీయ రికార్డు పెట్టేటప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు. “మరి చిన్న వయసులో గెలిచినోళ్లు లేరా సార్?” అన్నాను. ఉన్నారన్నాడు. 2014లో దుబాయ్‌లో ఇథియోపియా కుర్రాడు సెగాయె మెకొనెన్ పద్దెనిమిదేళ్లకే 2:04:32లో గెలిచాడు. “ఆ తర్వాత అతని పేరు నువ్వు విన్నావా? నేనూ పెద్దగా వినలేదు. స్పీడు ఈ వయసులో వస్తుంది. దూరం ఎక్కడికీ పోదు, ముప్పైకి కూడా అక్కడే ఉంటుంది.” ఒక్క మెకొనెన్‌ని పట్టుకుని అందరికీ రూలు చెప్పలేమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ మిగతావి కాదనలేను.

ఎనిమిది వారాలు పరుగు బంద్. మొదటి నెల పాప ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. స్పైక్స్ బూట్లు మంచం కిందికి నెట్టేసింది. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదని డాక్టర్ చెప్తే, మా ఇంటామె పొద్దున టీ మాన్పించి నిమ్మరసంతో మాత్ర, తర్వాత రాగి జావ, నాలుగు ఖర్జూరాలు, మధ్యాహ్నం గుడ్లు మొదలుపెట్టింది. సంగటి తినే ఇంట్లో పుట్టి రాగి జావంటే మొహం మాడ్చుకునే పిల్లని దారికి తేవడం ఫ్రాక్చర్ కంటే కష్టమైంది. నెలసరి ఐదో నెలలో వచ్చింది. అది నాకు మా ఇంటామె చెప్పలేదు, ఆరోజు గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది, అంతే.

నొప్పి లేకుండా అరగంట నడవగలిగాక సార్ మొదలుపెట్టించాడు. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, ఐదుసార్లు. మర్నాడు నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి. నేను గట్టు మీద కూర్చుని ఫోన్లో టైమర్ పెట్టేవాణ్ని. జిల్లాలో ఎవరికీ అందని పిల్ల, నిమిషం కాగానే ఆగి నడుస్తుంటే, పక్కన కానిస్టేబుల్ సెలక్షన్‌కి పరిగెత్తే కుర్రాళ్లు దాటిపోయేవాళ్లు. ఆమె వాళ్లని చూసేది కాదు. నేనే చూసేవాణ్ని.

మళ్లీ పూర్తి 1500 పరిగెత్తడానికి ఏడు నెలలు పట్టింది. పాత టైమ్ అందుకోవడానికి ఇంకో నాలుగు. మొన్న పద్దెనిమిది నిండాయి. ఆ 10కే ఆయన దగ్గర్నుంచి మళ్లీ ఫారం వచ్చింది, ఈసారి ఆధార్ కూడా మార్చక్కర్లేదు. పాపకి ఫార్వర్డ్ చేసి నిర్ణయం ఆమెకే వదిలేశాను. చూసిందని రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం సార్‌తో 400లు కొట్టుకుంటూ ఉంది.

ఇప్పుడు గ్రౌండ్ నుంచి వచ్చాక ప్లేటు నేనే పెడతాను. పోయిన శనివారం మూడు దోశలయ్యాక “నాయనా, ఇంకోటి” అంది. పెనం మీద ఉన్నది పార్సిల్ కోసం నిలబడినాయన కారం దోశ. తీసి పాప ప్లేట్లో వేశాను. ఆయన కోప్పడ్డాడు. పిండి కూడా అడుగంటింది, పక్క కొట్టుకి పొమ్మన్నాను.