అక్సాయ్ చిన్ జవాబు బట్టతల ముచ్చట దగ్గరే ఆగితే మార్కులు రావు

విదేశాంగ విధానం మీద పార్లమెంటుకు అదుపు ఎంత ఉందని సివిల్స్, గ్రూప్-1 మెయిన్స్‌లో అడిగితే, హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో రాసే జవాబులు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. చైనా ఆక్రమించిన లద్దాఖ్ ప్రాంతం అక్సాయ్ చిన్‌లో గడ్డిపోచ కూడా మొలవదని నెహ్రూ అంటే, మహావీర్ త్యాగి తన బట్టతల చూపించి ఇక్కడా ఏమీ మొలవదు, దీన్నీ ఇచ్చేద్దామా అని అడిగారట. ముచ్చట బాగుంటుంది. కానీ ఇది రకరకాల రూపాల్లో తిరుగుతోంది కాబట్టి కొటేషన్ మార్కుల్లో పెట్టకండి. ఒక్క వాక్యంలో ముగించి అసలు విషయానికి రండి. త్యాగి ప్రతిపక్ష సభ్యుడు కాదు. డెహ్రాడూన్ కాంగ్రెస్ ఎంపీ, అంతకుముందు నెహ్రూ దగ్గరే మంత్రిగా పనిచేసినవారు. సొంత పార్టీ సభ్యుడు సొంత ప్రభుత్వ దౌత్యాన్ని తప్పుపట్టాడన్నదే ఇక్కడ పాయింట్. చాలామంది రాయకుండా వదిలేసేది అదే.

తేదీలు నాలుగైదు చాలు, కాకపోతే ఒకదాని నుంచి ఒకటి ఎలా వచ్చిందో కనిపించాలి. టిబెట్‌పై చైనాతో ఒప్పందం 1954 ఏప్రిల్ 29న కుదిరింది. అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు 1957లో పూర్తయింది. 1958 అక్టోబర్ 18న మన ప్రభుత్వం చైనాకు నిరసన లేఖ ఇచ్చింది, ఆ సంగతి సభకు మాత్రం చెప్పలేదు. 1959 ఆగస్టు 25న ఈశాన్య సరిహద్దులోని లోంగ్జులో చైనా సైన్యంతో కాల్పులు జరిగాక సభ్యులు నిలదీశారు, సెప్టెంబర్ 7న చైనాతో నడిచిన లేఖల మీద మొదటి శ్వేతపత్రం బయటికొచ్చింది. సభ ఒత్తిడి ఫలించిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. లద్దాఖ్‌లో చైనా కాల్పులకు మన పోలీసులు బలైన అక్టోబర్ 21 నాటి కోంగ్కా లా ఘటన ఎస్సై, కానిస్టేబుల్ అభ్యర్థులకు వేరే చెప్పక్కర్లేదు. గోషామహల్ స్టేడియంలో పోలీసు అమరవీరుల దినం జరిగేది ఆ రోజునే.

ఇక 1962. చైనాతో యుద్ధం అక్టోబర్ 20న మొదలైంది. ప్రతిపక్షం నుంచి వాజ్‌పేయి లాంటివాళ్లు పట్టుబట్టడంతో, పోరు సాగుతుండగానే నవంబర్ 8న పార్లమెంటు సమావేశమైంది. కానీ అంతకు ముందు రోజే, నవంబర్ 7న, రక్షణ మంత్రిగా ఉండిన కృష్ణ మీనన్ మంత్రివర్గం నుంచి వెళ్లిపోయారు. ఆయన చేతిలోని రక్షణ శాఖ అక్టోబర్ 31నే పోయింది. ఆయన్ను దించింది సభలో ఓటు కాదు, కాంగ్రెస్ ఎంపీల ఒత్తిడి. దీని పక్కనే 1963 ఆగస్టులో ప్రతిపక్ష సభ్యుడు కృపలానీ తెచ్చిన అవిశ్వాస తీర్మానం పెట్టి చూడండి. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది, అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347తో వీగిపోయింది. ఈ రెండూ పక్కపక్కన రాస్తే, విశ్లేషణ అని వేరే హెడ్డింగ్ పెట్టే పని ఉండదు.

త్యాగి కథ అక్కడితో అయిపోలేదు. పాకిస్థాన్‌తో 1965 యుద్ధం తర్వాత 1966 జనవరి 10న వచ్చిన తాష్కెంట్ ప్రకటన ప్రకారం, 1965 ఆగస్టు 5కు ముందున్న స్థానాలకు సైన్యాలు వెనక్కి రావాలి. అంటే కశ్మీర్‌లో మన సైన్యం గెలుచుకున్న హాజీపీర్ కనుమ తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు పునరావాస మంత్రిగా ఉన్న త్యాగి దీన్ని వ్యతిరేకిస్తూ రాజీనామా చేశారు. ముగింపు పేరాకు బట్టతల కంటే ఇది బలమైన సరుకు.

ఎక్కువ మంది బోల్తా పడేది రాజ్యాంగం దగ్గర. ఒప్పందం చేసుకోవడానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం అక్కర్లేదు. 253వ అధికరణ ఒప్పందాన్ని అమలు చేసే చట్టం గురించి చెబుతుంది, ఆమోదం గురించి కాదు. భూభాగం అప్పగించాలంటే మాత్రం 368వ అధికరణ కింద రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో, పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారిలో కొంత పాకిస్థాన్‌కు ఇవ్వడంపై ఇచ్చిన సలహా అభిప్రాయంలో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే 9వ సవరణ వచ్చింది. ఇక్కడిదాకా అందరూ రాస్తారు. తర్వాత 1969 నాటి మగన్‌భాయ్ కేసు వదిలేస్తారు. పాకిస్థాన్‌తో వివాదమున్న కచ్ రణ్‌పై 1968లో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు సరిహద్దు ఎక్కడుందో తేల్చడమే తప్ప అప్పగింత కాదు కాబట్టి సవరణ అవసరం లేదని కోర్టు అందులో తేల్చింది. ఈ తేడా పట్టుకుంటే 1974లో శ్రీలంకతో కచ్చతీవు దీవి ఒప్పందం సవరణ లేకుండా ఎందుకు జరిగిందో, 2015లో బంగ్లాదేశ్‌తో ఎన్‌క్లేవుల (ఒక దేశం లోపల చిక్కుకున్న మరో దేశపు భూముల) మార్పిడికి, అంటే మనవి 111, వాళ్లవి 51కి, 100వ సవరణ ఎందుకు పెట్టారో రెండూ విడిపోతాయి. తెలుగు మీడియం వాళ్లు "అప్పగింత", "సరిహద్దు నిర్ధారణ" అన్న రెండు మాటలూ కలగాపులగం చేయకుండా వాడితే చాలు.

ఇంకో తప్పు, పార్లమెంటు 1962 నవంబర్ 14 తీర్మానాన్ని 1994 ఫిబ్రవరి 22 తీర్మానంతో కలిపేయడం. మొదటిది చైనా గురించి, రెండోది పాక్ ఆక్రమిత కశ్మీర్ గురించి.

కోచింగ్ రన్నింగ్ నోట్స్‌తో సరిపెట్టుకోకుండా పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఒక్క చర్చ అయినా చదవండి. పేరుతో కంటే తేదీతో వెతకడమే మేలు, స్కాన్ కాపీల్లో పేర్ల స్పెల్లింగు మారిపోతుంది. 1959 చర్చలు రెండో లోక్‌సభ కింద, 1962 నవంబర్‌వి మూడో లోక్‌సభ కింద ఉంటాయి. పాత సంపుటాల్లో నంబర్లు పేజీలవి కావు, కాలమ్‌లవి. చదువుతూ మూడే రాసుకోండి: మాట్లాడింది ఎవరు, ఏ పక్షం; ఏ రూపంలో, అంటే ప్రశ్నా, వాయిదా తీర్మానమా, అవిశ్వాసమా; ఆ తర్వాత ప్రభుత్వం ఏం చేసింది. మూడోది ఖాళీగా మిగిలితే ఆ ఉదాహరణ జవాబులోకి రానివ్వకండి.

యూపీఎస్సీ జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్‌లో 180 నిమిషాలకు 20 ప్రశ్నలు, 10 మార్కులవి పది, 15 మార్కులవి పది. 10 మార్కులదానికి 7 నిమిషాలు, 15 మార్కులదానికి 11 పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. గ్రూప్-1 జనరల్ ఎస్సేలో గంటకు ఒక వ్యాసం కాబట్టి ఇదే సరుకు విప్పి రాయొచ్చు. మ్యాప్ వేస్తే అక్సాయ్ చిన్, కోంగ్కా లా లద్దాఖ్ వైపు, లోంగ్జు అరుణాచల్ వైపు పెట్టాలి. మూడూ ఒకే చోట గుర్తించిన మ్యాప్ కంటే అసలు మ్యాప్ లేని జవాబే నయం.