చీటీ మీద ధర

మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి గ్యాలరీకి వెళ్లాను. గ్యాలరీ అన్నానని ఏదో పెద్దగా ఊహించుకోకండి, రాజమండ్రిలో ఒక పాత లైబ్రరీ మేడ మీద పొడుగాటి గది అది. చందాలు పోగేసి సున్నం వేయించి, లైట్లు పెట్టించుకున్నాం. పడమటి గోడకి చెమ్మ ఎక్కుతుంది కాబట్టి వానాకాలం పోయేదాకా దాని మీద మేకు కొట్టం. ఆగస్టు నుంచి దీపావళి దాకా మూడు ప్రదర్శనలు ఒప్పుకున్నాం, ముగ్గురూ ఈ ఊరివాళ్లే. ముందు డ్రాయింగ్ మాస్టారి నీటిరంగుల బొమ్మలు, చవితి హడావుడి తగ్గాక బోర్డులు రాసే పెద్దాయనవి, దసరా సెలవుల తర్వాత లినోకట్ ప్రింట్లు వేసే ఒకమ్మాయివి. తేదీలు, గోడలు, కార్డు మేటరు అన్నీ తేలిపోయాయి. తేలనిది ఒక్కటే, బొమ్మ కింద పెట్టే చీటీ మీద ధర రాయాలా వద్దా అని.

రాయాలనే నా వాదన. మనవాళ్లు చీరల కొట్లో బీరువాలన్నీ దింపించి, బేరమాడి, ఏదీ నచ్చలేదని లేచి రావడానికి ఏమాత్రం మొహమాటపడరు గానీ బొమ్మ ముందు నిలబడితే మాత్రం ఎక్కడ లేని మొహమాటం వచ్చేస్తుంది. ఎంత అని అడిగితే కొనాల్సి వస్తుందేమో, కొనకపోతే వేసినాయన ఏమనుకుంటాడో అని "చాలా బావుందండి" అనేసి మెట్లు దిగిపోతారు. వేసినాయన తనంతట తాను చెప్పడు. ఇద్దరి మొహమాటం మధ్యా బొమ్మ మళ్లీ గోనెపట్టా చుట్టుకుని మంచం కిందకి పోతుంది. కమిటీలో ఇద్దరు మాత్రం ధర రాస్తే సంతలా ఉంటుందని పట్టుబట్టారు. సంతలో ఏమొచ్చింది చెప్పండి, అక్కడైతే సరుకు అమ్ముడవుతుంది కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో, ఈ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది, స్కూల్లో ఉండగా లైన్లో నిలబడి చూసొచ్చిన వాళ్లమే చాలామందిమి. 1923లో ఇక్కడ చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచి వచ్చి పోయేనాటికి ఆయనకి నిండా 28 ఏళ్లు లేవు. ఆ బడిని తర్వాత నడిపింది స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు. రామారావు గారి బొమ్మలు 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' గురించి గర్వంగా చెప్పుకోవడం మా ఊరివాళ్లకి బాగా వచ్చు. చెప్పుకోవాలి కూడా. కానీ బొమ్మంటే అలా తాళం వేసి దాచుకునేది, చూసి దణ్ణం పెట్టి రావాల్సింది అన్నట్టు తయారైంది వ్యవహారం. పక్క వీధిలో ఉన్నాయన వేసిన బొమ్మ కొని హాల్లో పెట్టుకోవచ్చు అనే ఆలోచనే రాదు, అదే డబ్బుతో ఆన్‌లైన్‌లో పరిగెత్తే ఏడు గుర్రాల పోస్టరు తెప్పించుకుంటారు.

మూడింటప్పుడు బోర్డులు రాసే ఆయన వచ్చారు, గోడ చూసుకోవడానికి. మేం టేపు పట్టుకుని నేల నుంచి 58 అంగుళాలు కొలిచి పెన్సిల్‌తో చుక్కలు పెడుతున్నాం, బొమ్మల మధ్య భాగం ఆ ఎత్తులో ఒకే గీత మీద ఉండాలని. ఆయన కాసేపు చూసి జేబులోంచి నూలుదారం తీసి, సుద్దపొడి పట్టించి, ఒక కొస నాకిచ్చి రెండో కొస తను పట్టుకుని మధ్యలో వేలితో లాగి వదిలారు. టప్‌మని గోడ ఈ చివర నుంచి ఆ చివరికి తెల్లటి గీత. "రసమట్టం పెట్టి చూసుకోండి బాబూ" అన్నారు. పెట్టి చూశాం, బుడగ కదల్లేదు.

ఫ్లెక్సులు వచ్చాక ఆయనకి పని పోయింది, ఇది అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు రేకు పలకల మీద ఎనామిల్‌తో పాత కొట్ల మాటలు మళ్లీ రాస్తున్నారు, 'నేడు నగదు రేపు అరువు', 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' లాంటివి. ఒకటి మా ముందే పూర్తి చేశారు. ఎడమచేత్తో సన్నటి కర్ర పలకకి ఆనించి, కుడిచేతి మణికట్టు దాని మీద పెట్టి, బ్రష్షు కొంచెం తిప్పుతూ 'శ్రీ' వంపు ఒక్క ఊపులో లాగేశారు, ఎక్కడా రంగు జారలేదు. ధర అడిగితే ఏ మొహమాటమూ లేదు, "చదరపు అడుగు లెక్కన వేసుకోండి" అన్నారు. ఆ లెక్కన ఒక్కో పలక ఆరేడు వందలు కూడా రాదు, రేకు, రంగు ఖర్చు పోగా మిగిలేది టీ డబ్బులు. రెండు వేలకి తగ్గించొద్దని మేమే ఆయన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

లినోకట్ అమ్మాయికి మాత్రం లెక్క స్పష్టంగా ఉంది. లినోలియం పలక మీద అక్షరాలు కూడా తిరగేసి చెక్కి, ఇంకు రోలరుతో రాసి, కాగితం పరిచి వెనక నుంచి స్టీలు గరిటె వీపుతో రుద్దుతుంది, ప్రెస్సు కొనే స్తోమత లేక. దేవీచౌక్ కరెంటు తీగల ప్రింటు ఉంది చూడండి, నలుపు తప్ప ఇంకో రంగు లేదు, అయినా ట్రాఫిక్ మోత వినిపిస్తుంది. మొత్తం 15 తీస్తుంది, ఒక్కో దాని కింద 3/15, 4/15 అని పెన్సిల్‌తో రాసి, చివరికి పలక మీద అడ్డంగా గీత చెక్కేస్తుంది, మళ్లీ ఎవరూ తీయకుండా. ఒక్కోటి 1,200. "అంటే జిరాక్సే కదమ్మా" అన్నారు కమిటీలో ఒక పెద్దాయన. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది, నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు.

చిక్కంతా మాస్టారితోనే. ఆయన బొమ్మల్లో నాకు బాగా ఇష్టమైనది 1986 వరద. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది, ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. బొమ్మలో రేవు మెట్లు రెండే మిగిలాయి, వెనక హేవలాక్ వంతెన, అప్పటికింకా దాని మీద రైళ్లు నడుస్తున్నాయి. నీళ్లకి నీలం వాడనే లేదు, తడి కాగితం మీద ఎర్రమట్టి రంగు వదిలేస్తే అదే పాకి సుడులు తిరిగి ఆగింది. స్తంభాల మొదట్లో కాగితం అలాగే తెల్లగా వదిలేశారు, నురగ అదే. దాన్ని ఫ్రేము కట్టే ఆయన దేవుడి పటంలా అద్దానికి ఆనించి బిగించబోయాడు, మధ్యలో మౌంటు, అంటే చుట్టూ అట్ట చట్రం, వేయకపోతే ఈ చెమ్మకి కాగితం అద్దానికి అంటుకుపోతుందని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఫ్రేముకే 1,800 అయింది.

సాయంత్రం ఫోన్ చేసి ధర అడిగితే మాస్టారు "ఒరేయ్, రంగులూ కాగితం కలిపి అప్పట్లో యాభై రూపాయలు కూడా కాలేదురా, అమ్మకానికి కాదు అని రాసెయ్" అన్నారు. అన్నిటికీ అలా రాస్తే మ్యూజియం అయిపోతుంది మాస్టారూ, అది మనకి ఎలాగూ ఉంది కదా అన్నాను. పెద్ద ఊళ్లలో గ్యాలరీలు మూడో వంతు నుంచి సగం దాకా పట్టుకుంటాయని, మేం కరెంటు బిల్లుకి పది శాతమే తీసుకుంటామని కూడా చెప్పి చూశాను. వినలేదు. ఇంతలో ఫోన్లో వెనక నుంచి అమ్మగారి గొంతు.

"పన్నెండు వేలు అని రాయి నాయనా. నలభై ఏళ్లుగా దాని దుమ్ము దులిపిన కూలీ లెక్కేసినా అంతకన్నా ఎక్కువే అవుతుంది."

"అంత పెడితే ఎవడు కొంటాడే?" అన్నారు మాస్టారు. అమ్మడం సంగతి వదిలేసి బేరంలోకి దిగారన్నమాట. ఆయన మళ్లీ మనసు మార్చుకునేలోగా 12,000 అని లిస్టులో ఎక్కించి గ్రూపులో పెట్టేశాను. కార్డులు రేపు పదింటికల్లా ప్రెస్సుకి ఇవ్వాలి. సంత అన్న ఇద్దరూ మెసేజ్ చూశారు, బ్లూ టిక్కులు పడ్డాయి, ఇంకా ఏమీ అనలేదు.