స్లీప్‌లో పెడితే సిస్టం పోతోందా? ఫార్మాట్ కొట్టకముందు ఇవి చూడండి

తిరుపతిలో ఏ డీటీపీ సెంటర్‌లోనైనా ఈ సీన్ ఉండేదే. రాత్రి సిస్టం స్లీప్‌లో పెట్టి షట్టర్ దించేస్తారు. పొద్దున వచ్చి కీబోర్డు నొక్కితే విండోస్ మొదట్నుంచీ బూట్ అవుతుంది. సేవ్ చేయని పెండ్లిపత్రిక గోవిందా.

ముందు ఒక ప్రశ్న. పోయేటప్పుడు మెయిన్ ఆఫ్ చేశారా? స్లీప్‌లో పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది, దానికి కరెంటు ఆగితే అంతే. డెస్క్‌టాప్‌లో హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉంటే అదే పని డిస్కులోకీ రాసుకుంటుంది కాబట్టి బతికిపోతాం. సీ డ్రైవ్‌లో చోటు కోసం ఎవరైనా హైబర్నేట్ (పనిని డిస్కులో రాసి సిస్టం పూర్తిగా ఆగిపోయే పద్ధతి) తీసేసి ఉంటే హైబ్రిడ్ కూడా దాంతోపాటే పోయుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆన్' (powercfg /h on) కొట్టి, పవర్ ఆప్షన్స్‌లో హైబ్రిడ్ స్లీప్ ఆన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపమని వీడియోల్లో చెప్తుంటారు గానీ అది షట్‌డౌన్ సంగతి, స్లీప్‌కి సంబంధం లేదు.

మెయిన్ ఆన్‌లోనే ఉన్నా పోతోందంటే ఈవెంట్ వ్యూయర్ (విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టం. అక్కడ కెర్నల్-పవర్ పేరుతో 42 ఉంటే స్లీప్‌లోకి వెళ్లడం మొదలైంది, 107 ఉంటే లేచింది. 42 తర్వాత 107 లేకుండా నేరుగా 41 కనిపిస్తే వెళ్లేటప్పుడో, నిద్రలోనో, లేవడం మొదలవుతుండగానో పోయినట్టు. 107 వచ్చాక 41 అయితే విండోస్ లేచాక పోయింది. 41 చూడగానే ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు ఇచ్చే డబ్బా) మార్చేస్తారు చాలామంది. అది తప్పు. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తప్ప 41 ఇంకేమీ చెప్పదు.

41 మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ చూడండి. అసలు ఆచూకీ అక్కడుంది. 159 ఉంటే బ్లూ స్క్రీన్ 9ఎఫ్ అన్నమాట (ఇక్కడ అంకె డెసిమల్‌లో వస్తుంది). స్లీప్‌కి వెళ్లమనో, లేవమనో విండోస్ చెప్పిన మాటకు ఏదో డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) బదులివ్వలేదు. స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూ, కొన్ని నిమిషాలకు రీస్టార్ట్ అయ్యేది ఎక్కువగా ఇదే. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేయండి: వేలిముద్ర స్కానర్, వైఫై డాంగిల్, ప్రింటర్ కేబుల్. ఐదుసార్లు స్లీప్‌లో పెట్టి లేపండి. పోకపోతే ఒక్కొక్కటే తగిలిస్తూ మళ్లీ చూడండి. దొంగ దొరికాక ఆ కంపెనీ సైటు నుంచి మీ మోడల్ డ్రైవరే వేయండి. అప్‌డేట్ తర్వాత మొదలైన తంటా అయితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేసి పాత డ్రైవర్‌కి వెళ్తే చాలు. అన్నీ పీకినా పోతుంటే విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌ను (బ్లూ స్క్రీన్ వివరాల ఫైలు) మైక్రోసాఫ్ట్ టూల్ విన్‌డీబీజీలో (WinDbg) తెరిస్తే డ్రైవర్ ఫైలు పేరు తరచుగా తెలిసిపోతుంది.

కోడ్ 0 అయితే కథ వేరు. బ్లూ స్క్రీన్ కూడా రాకుండా కరెంటు తెగింది, లేదా బిగుసుకుపోయింది. స్లీప్‌లో ర్యామ్‌ని బతికించేది ఎస్‌ఎంపీఎస్‌లోని 5 వోల్టుల స్టాండ్‌బై లైను. ప్లగ్ ఆన్‌లో ఉన్నంతసేపూ అది పని చేస్తూనే ఉంటుంది, మన ఎండలకు దాని కెపాసిటర్లు ముందుగా ఎండిపోతాయి. కొలవడం సులువే. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, సిస్టం స్లీప్‌లో ఉండగా 24 పిన్నుల కనెక్టర్ వెనక నుంచి నల్ల ప్రోబ్ నల్ల వైరుకి, ఎర్ర ప్రోబ్ ఊదా వైరుకి ఆనించండి. ప్రోబ్ మొన పక్క వైరుకి తగిలితే షార్టే, జాగ్రత్త. 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. తక్కువొస్తే యూఎస్‌బీలో చార్జింగ్ పెట్టిన ఫోన్లు తీసి మళ్లీ చూడండి, ఆ బరువు కూడా ఈ లైను మీదే పడొచ్చు. అప్పటికీ తక్కువుంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. డబ్బా విప్పి కెపాసిటర్ మార్చే పని ఇంట్లో పెట్టుకోవద్దు, ప్లగ్ పీకినా లోపల షాక్ కొట్టేంత చార్జ్ మిగిలి ఉంటుంది.

వోల్టేజీ బాగుండి లేచేటప్పుడు పోతుంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్, ఆపి, ర్యామ్‌ని మామూలు స్పీడులో రెండు రోజులు వాడండి. ఆగితే బయోస్ అప్‌డేట్ చేసి ఎక్స్‌ఎంపీ మళ్లీ పెట్టి చూడొచ్చు. ఆగకపోతే రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 తిప్పండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పక్కన పెట్టేయడమే.