రూటర్ లాగిన్ పేజీ ఎవరెవరికి తెరుచుకోవాలి? నా అనుభవం

మా కాలేజీ నెట్ అంతా ఒక మైక్రోటిక్ కంపెనీ రూటర్ మీద నడుస్తుంది. పెట్టింది బయటి ఏజెన్సీ వాళ్లు, చూసుకోవాల్సింది నేను. హాస్టల్ కుర్రాడొకడు ఫోన్ పట్టుకొచ్చి, "సార్, బ్రౌజర్‌లో గేట్‌వే ఐపీ కొడితే ఏదో లాగిన్ పేజీ వస్తోంది" అని చూపించాడు. గేట్‌వే ఐపీ అంటే లోపలివాళ్లకు రూటర్ చిరునామా. ఆ వచ్చింది రూటర్ సొంత సెట్టింగుల పేజీ, వెబ్‌ఫిగ్. వెంటనే నా ఫోన్‌లో వై-ఫై ఆపేసి, మొబైల్ డేటా మీద కాలేజీ పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామా) కొట్టాను. అక్కడా అదే పేజీ. రూటర్ లాగ్ తెరిస్తే అడ్మిన్ పేరుతో లాగిన్ విఫలమైన లైన్లు వరసగా ఉన్నాయి. ఎక్కడెక్కడి ఐపీలో అన్నీ.

ఏజెన్సీ అతనికి ఫోన్ చేస్తే, "పాస్‌వర్డ్ గట్టిదే పెట్టాం కదా సార్, పోర్టులు మూసేస్తే మేం రిమోట్‌లో సపోర్ట్ ఎలా ఇవ్వాలి?" అన్నాడు. సపోర్ట్ గురించి అతనన్నది న్యాయమే. పాస్‌వర్డ్ గురించి కాదు. 2018లో ఇదే మైక్రోటిక్‌లో సీవీఈ-2018-14847 అనే లోపం బయటపడింది. విన్‌బాక్స్ (మైక్రోటిక్ రూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వాడే పోర్టు 8291, అంటే ఆ తలుపు, తెరిచి ఉంటే చాలు, లాగిన్ కాకుండానే యూజర్ల ఫైల్ చదివేయొచ్చు. పాస్‌వర్డ్ ఎంత పొడుగుదైనా దాడిచేసేవాళ్ల చేతికి వచ్చేస్తుంది. ఆ ఏప్రిల్‌లోనే 6.42.1 వెర్షన్‌లో సరిచేశారు. అయినా అప్‌డేట్ చేయని రూటర్లను పట్టుకుని, నెలల తర్వాత కూడా వాటి గుండా క్రిప్టో మైనింగ్ నడిపారు. అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న పాస్‌వర్డ్ ఎంత గట్టిది అని కాదు, ఆ పేజీ దాకా ఎవరు రాగలరు అని.

రూటర్‌లోకి లాగిన్ అయ్యే దారులు, అంటే సర్వీసుల జాబితా, తేలిగ్గానే అయిపోయింది. టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, రెండు ఏపీఐలు (వేరే ప్రోగ్రాములు రూటర్‌తో మాట్లాడే దారులు), పోర్టు 80 మీది వెబ్ పేజీ ఆపేశాను. ఎస్‌ఎస్‌హెచ్ (భద్రమైన కమాండ్ లైన్), విన్‌బాక్స్, హెచ్‌టీటీపీఎస్ పేజీ మాత్రం ఉంచాను. హెచ్‌టీటీపీఎస్‌కు రూటర్‌లోనే సర్టిఫికెట్ తయారుచేసి తగిలించాలి. బ్రౌజర్ గొణుగుతుంది, ఫర్వాలేదు. ఒక్కో సర్వీసుకూ 'అవైలబుల్ ఫ్రమ్' అని ఒక గడి ఉంటుంది. అందులో మా మేనేజ్‌మెంట్ వీల్యాన్ (రూటర్‌ను చూసుకునేవాళ్లకు విడిగా పెట్టిన నెట్‌వర్క్) సబ్‌నెట్, అంటే అందులోని ఐపీల వరస, 10.10.99.0/24 రాశాను.

టెన్షన్ పెట్టింది ఫైర్‌వాల్. రూటర్‌ను ఉద్దేశించి వచ్చే ప్యాకెట్లన్నీ ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ చైన్ అనే రూల్స్ వరస గుండా వెళ్తాయి. రూల్స్ పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయిన రూలే చెల్లుతుంది. నేను రాసిన వరస ఇది: అప్పటికే నడుస్తున్న కనెక్షన్లకు అనుమతి, చెడ్డ ప్యాకెట్లకు డ్రాప్ (పలక్కుండా పారేయడం), పింగ్‌కు అనుమతి, మేనేజ్‌మెంట్ సబ్‌నెట్‌కు అనుమతి, అన్నిటికీ అడుగున మిగతావన్నీ డ్రాప్. ఆ చివరి రూల్ పెట్టే ముందు డీఎన్‌ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చి చెప్పేది) సంగతి చూసుకోవాలి. మా క్యాంపస్‌లో అందరి డీఎన్‌ఎస్ ప్రశ్నలకూ ఈ రూటరే జవాబిస్తుంది. లోపలి నెట్‌వర్క్‌ల నుంచి పోర్టు 53కు యూడీపీ, టీసీపీ రెండూ పైన అనుమతించకపోతే, నెట్ ఉండీ ఏ సైటూ తెరుచుకోదు. ప్రిన్సిపాల్ గారి ఫోన్ ముందు వస్తుంది.

ఇదంతా సేఫ్ మోడ్‌లో చేశాను. ఆ బటన్ నొక్కి మార్పులు చేస్తుంటే, మనల్ని మనమే బయటికి గెంటుకున్నా కనెక్షన్ తెగిందని రూటర్ గ్రహించి అన్నీ వెనక్కి తిప్పేస్తుంది. దానికి 9 నిమిషాల దాకా పట్టొచ్చు, కంగారుపడి కరెంటు తీయకూడదు. అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక సేఫ్ మోడ్‌లోంచి మామూలుగా బయటికొస్తేనే మార్పులు నిలుస్తాయి.

ఇక అయిపోయిందనుకుని స్టాఫ్ రూమ్ వైర్ మీద విన్‌బాక్స్ తెరిస్తే, నెయిబర్స్ ట్యాబ్‌లో రూటర్ పేరు నిక్షేపంగా ఉంది. మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) మీద నొక్కితే లాగిన్ దాకా వెళ్తోంది కూడా. ఐపీ ఫైర్‌వాల్ ఐపీ ప్యాకెట్లనే చూస్తుంది, మ్యాక్ మీద వచ్చేవాళ్లకు దానితో పనిలేదు. మ్యాక్ సర్వర్‌లో టెల్‌నెట్‌కూ విన్‌బాక్స్‌కూ విడివిడిగా ఇంటర్‌ఫేస్ జాబితా ఇవ్వాలి, నెయిబర్ డిస్కవరీని కూడా ఆ జాబితాకే పరిమితం చేయాలి. చాలామంది ఇక్కడి దాకా రారు. ఐపీవీ6 వాడేవాళ్లయితే దాని ఫైర్‌వాల్ పూర్తిగా వేరు, ఐపీవీ4లో రాసిన రూల్స్ అక్కడ చెల్లవు.

ఏజెన్సీ అతనికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి లోపలికి భద్రమైన టన్నెల్) పెట్టాను. రూటర్ సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7లో అది లోపలే ఉంటుంది. బయటికి ఒక యూడీపీ పోర్టు తెరిస్తే చాలు, తాళంచెవి లేనివాడు తట్టినా అది పలకదు. టన్నెల్ ఐపీని అనుమతి జాబితాలో చేర్చాను. మొదట గొణిగాడు గానీ, ఇప్పుడు ఫోన్ నుంచే కనెక్ట్ అయి చూసుకుంటున్నాడు.

ల్యాబ్ అసిస్టెంట్‌కు చూడ్డానికి మాత్రమే ఒక యూజర్ ఇద్దామని 'రీడ్' గ్రూపు తెరిచి, అనుమతులు చదివి ఆశ్చర్యపోయాను. అందులో రీబూట్ కూడా ఉంది! పేరు చూసి నమ్మకుండా కొత్త గ్రూపు చేసి, అక్కర్లేని టిక్‌లన్నీ తీసేశాను.

సీసీ కెమెరాల ఎన్‌వీఆర్ (వీడియో రికార్డర్) పేజీ మాత్రం హాస్టల్ వై-ఫై నుంచి ఇంకా తెరుచుకుంటోంది. అది రూటర్ మీద లేదు, రూటర్ గుండా పోతుంది కాబట్టి ఇన్‌పుట్ రూల్స్ దాన్ని ఆపవు. ఫార్వర్డ్ చైన్‌లో రాయాలి. అయితే వార్డెన్ గారు కెమెరాలు చూసేది కూడా అదే వై-ఫై మీద. ముందు ఆయన ఫోన్‌ను వేరే వీల్యాన్‌లోకి మార్చాలి.